నాన్న చెప్పిన ఓటు

అమిత్సోక్,
గ్రీన్‌లాండ్,
1981 నవంబరు 12

నాన్నా,

ఎలా ఉన్నావు? నీ కూతురు బోలెట్టె రాస్తోంది. నీ దగ్గర్నించి ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో నేను గుర్తు చేయను. గుర్తు చేస్తే తిట్టినట్టవుతుంది, నిన్ను తిట్టకూడదు. నువ్వు పుట్టినప్పట్నించీ నాకు ఇదే గోల. తమ్ముడికి కొడుకు పుడితే చెవి మెలిపెట్టి పెంచుకోవచ్చని మురిసిపోయాను. తీరా చూస్తే నువ్వు పుట్టింది మా నాన్న పోయిన ఏడాదే. సెవెరిన్ అని ఆయన పేరే నీకు పెట్టారు. పేరుతో పాటు ముసలాయనే తిరిగొచ్చాడని ఊరంతా మా ఇంటికొచ్చి కాఫీలు తాగి, నీ చిటికెన వేలు పట్టుకుని పలకరించి వెళ్ళారు. మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే అయినా, ఉయ్యాల్లో ఉన్నవాణ్ణి నాన్నా అని పిలుస్తూ పెంచాను. నిన్ను కన్న ఎనోక్ కూడా నాన్నా అనే అంటాడు. ఇంక చెవి మెలిపెట్టేదెవరు?

నా కొత్త బూట్లు కోసేసి కుక్కపిల్లలకి పట్టీలు కుట్టావు, గుర్తుందా? చలికాలమంతా కూర్చుని నేను కుట్టుకున్న బూట్లు అవి. ఊరివాళ్ళంతా నా మొహం వైపు చూశారు, ఏమంటానో అని. "మా నాన్నకి కుక్కలంటే ముందునించీ ప్రాణం" అన్నాను. పళ్ళు బిగించి అన్నాను.

సూర్యుడు పోయిన వారమే కొండ వెనక్కి దిగాడు, ఇంక ఫిబ్రవరి దాకా రాడు. చీకటి పడే ముందే పని ముగించుకోవాలని కాబోలు, రాజధాని నించి ఇద్దరు పెద్దమనుషులు పడవలో వచ్చి బడిలో మీటింగు పెట్టారు. ఫిబ్రవరిలో ఓటు ఉందిగా, యూరప్ కూటమిలో ఉందామా, బయటికొచ్చేద్దామా అని. ఒకాయన ఉండాలని, ఒకాయన వద్దని. ఉండాలనే ఆయన గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. రోడ్లు, రన్‌వేలు, బడులు. అన్నీ కూటమి డబ్బేనట.

నేను లేచాను. అడిగాను. పదేళ్ళ కిందట మమ్మల్ని ఇదే అడిగారు, మేం వద్దన్నాం. ఊళ్ళకి ఊళ్ళు వద్దన్నాయి. అయినా మమ్మల్ని లాక్కెళ్ళి అందులో కూర్చోబెట్టారు. మేం వేసిన ఆ వద్దు ఎక్కడికి పోయింది, ఏ పెట్టెలో ఉంది, చెప్పండి అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "అమ్మా, అప్పుడు మనల్నీ డెన్మార్క్‌లో కలిపి ఒకే లెక్క వేశారు" అన్నాడు. అంటే నా ఇంట్లో ఏం వండాలో పక్కింటి వాళ్ళంతా కలిసి చేతులెత్తి తేలుస్తారన్నమాట. ఇంటికొచ్చాక ఎనోక్ వేటాడి తెచ్చిన సీలు మాంసం పులుసు పెట్టి, ఈ వంట నేనే తేల్చుకున్నానని వాడికి వడ్డించాను.

ఎనోక్ మాత్రం ఒకటే మాట అన్నాడు, నాన్న ఏమంటాడో అడుగు అని. నీ మనసులో మాట నాకు తెలుసనే అనుకుంటున్నాను. అయినా రాయి. ఎండు హాలిబట్ చేప పంపుతున్నాను, ఆ దేశంలో పెట్టే మెత్తటి తిండి తిని నీ పళ్ళు పాడవుతాయి.

నీ కూతురు,
బోలెట్టె

ఎస్బియెర్,
డెన్మార్క్,
1981 డిసెంబరు 3

నా చిట్టి బిడ్డ బోలెట్టెకు,

నాన్న దీవెనలు. హాలిబట్ అందింది. నా అద్దె గదిలో తెరవగానే ఆ వాసనకి మా ఇంటామె పరిగెత్తుకొచ్చి ఏదో చచ్చిందనుకుంది. నీళ్ళ గొట్టం కింద చూసింది. మంచం కింద చూసింది. నేను నములుతూ కూర్చుని చూశాను. చాలా మంచావిడే, కానీ మొన్న టీ తాగుతూ, మీ ఊళ్ళో మంచు ఇళ్ళు ఎండాకాలం కరిగిపోతే ఎక్కడ పడుకుంటారు అని అడిగింది. పెయింటు వేసిన చెక్క ఇళ్ళని చెప్పాను. నిరాశపడింది పాపం.

ఉత్తరం ఆలస్యమైంది, నిజమే. ఫిషింగ్ బోట్ల ఇంజన్ల మీద ఆఖరి పరీక్షలు జరుగుతున్నాయి. నాన్నలు ఎప్పుడూ పనిలో మునిగి ఉంటారని బిడ్డలు అర్థం చేసుకోవాలి.

ఇంక ఓటు సంగతి. నా పేరు ఇక్కడి ఊరి లెక్కల్లో ఉంది కాబట్టి నాకు ఓటు లేదు. ఉంటే ఉందామనే వేసేవాణ్ణి. కుర్చీలోంచి లేవకు, పూర్తిగా విను.

పదేళ్ళ కిందట జరిగింది అన్యాయం. దానికి నేను అడ్డు చెప్పను. కానీ ఒకసారి జరిగిన అన్యాయానికి ఇప్పుడు మన చేతులారా ఇంకొకటి చేసుకోవాలా? మనకి సొంత పాలన వచ్చి మూడేళ్ళు కాలేదు. చేపల ఫ్యాక్టరీలు, బడులు ఇప్పుడిప్పుడే లేస్తున్నాయి. ఊమ్మన్నాక్ పట్నంలో పనులు నేర్పే కొత్త బడి పునాది వేశారు కదా, అది ఎవరి డబ్బు? కూటమిది. అది పోతే ఎవరి దగ్గరికెళ్ళి చెయ్యి చాస్తాం? మళ్ళీ డెన్మార్క్ దగ్గరికే. అంటే వాళ్ళ మీద కోపంతో బయటికొచ్చి, వాళ్ళ కొంగే ఇంకా గట్టిగా పట్టుకుంటాం. మన సముద్రంలో చేపలు పట్టే జర్మన్ల ట్రాలర్లు కూడా ఎక్కడికీ పోవు. ఇప్పుడు ఊరికే పడుతున్న చేపలు అప్పుడు కొనుక్కుని పడతారు, అంతే.

ఇక్కడ ఉన్న మనవాళ్ళతో ఇదంటే మీద పడుతున్నారు. పుట్టినరోజు కాఫీకి వెళ్తే ఒకడు నా కప్పు లాగేసుకుని, డెన్మార్క్ డేన్ల గిన్నెలో తాగేవాడికి మన కప్పెందుకన్నాడు. వాడు పుట్టింది ఇక్కడే. సీలుని టీవీలో తప్ప చూడలేదు. నాకు దేశభక్తి నేర్పుతాడు.

ఎనోక్‌కి నెమ్మదిగా చెప్పు. నువ్వు చెప్తే వింటాడు.

మీ నాన్న,
సెవెరిన్

అమిత్సోక్,
1982 జనవరి 9

నాన్నా,

నీ ఉత్తరం వచ్చిన రోజున ఎనోక్‌కి నెమ్మదిగానే చెప్పాను. పోనీలే, ఇంజన్లు చదివేవాడికి లెక్కలు ఎక్కువ వస్తాయన్నాడు. అక్కడితో అయిపోయేది. ఈలోగా నువ్వు రేడియోలో వచ్చావు.

కొట్లో ఉన్నాం అందరం. కాఫీ గింజలు వచ్చాయని జనం నిండి ఉన్నారు. రేడియోలో డెన్మార్క్‌లో చదువుకుంటున్న మన యువకుడు అన్నారు, పేరు చెప్పారు, నా ఒళ్ళు పొంగిపోయింది. నోరు మూసుకోండర్రా మా నాన్న మాట్లాడుతున్నాడు అని అందరి మీదా అరిచాను కూడా. అరిచాక నీ గొంతు వచ్చింది. "పాతతరం వాళ్ళు కోపంతో ఓటేస్తారు" అన్నావు. తర్వాత పాట వేశారు.

ఎవరూ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది. ముసలి రెగీనే ఒక్కతే నవ్వి, "మీ నాన్న నిన్ను ముసలిదాన్ని చేసేశాడే బోలెట్టె" అంది. ఎనోక్ కొనుక్కున్న పొగాకు డబ్బా మళ్ళీ బల్ల మీద పెట్టేసి బయటికి నడిచాడు. పొగాకు లేకుండా వాడు ఒక రోజు ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నిన్ను తిట్టకూడదు. అందుకని కుక్కల దగ్గరికెళ్ళి, బండి లాగేటప్పుడు ముందుండే దాన్ని నిలబెట్టి తిట్టాను. చదువుకున్న కుక్కా అని తిట్టాను. తిండి పెట్టిన చేతిని మరిచిపోయావన్నాను. దానికేమీ అర్థం కాక తోక ఊపుతూ నా చేతిలో చేప కోసం చూసింది. చివరికి దానికే రెండు చేపలు ఎక్కువ వేశాను.

కోపంతో ఓటేస్తే ఏం? కోపం ఊరికే వస్తుందా? దక్షిణాన మా చెల్లెళ్ళ ఊళ్ళ ముందు పెద్ద పెద్ద ట్రాలర్లు రాత్రీ పగలూ దీపాలు వేసుకుని కాడ్ చేపలు ఊడ్చుకుపోతుంటే, ఎవరెంత పట్టాలో కూటమి ఉన్న బ్రసెల్స్‌లో ఎవరో బల్ల చుట్టూ కూర్చుని చెప్తారు. ఆ బల్ల దగ్గర చేపని ముల్లు తీయకముందు చూసినవాడు ఒక్కడుంటాడా? ఇప్పుడు సీలు తోళ్ళ వంతు. అక్కడి ఊళ్ళల్లో ఆడవాళ్ళు సీలు పిల్లల బొమ్మలు పట్టుకుని వీధుల్లో ఏడుస్తున్నారట. మేం పిల్లల్ని కొట్టం, తినడానికి పెద్దవాటిని కొడతాం, ఆ ముక్క వినేవాళ్ళు లేరు. తోళ్ళు అమ్ముడుపోవడం లేదని కొట్టువాడు ముందే చెప్పేస్తున్నాడు. మీ ఇంటామె కాళ్ళకి ఏం తొడుక్కుంటుందో చూసి రాయి. ఆవు తోలే అయ్యుంటుంది. ఆవు కోసం ఎవరూ ఏడ్వరు కాబోలు.

ఇదంతా ఆలోచనే నాన్నా. గట్టిగా చెప్తే కోపంలా వినిపిస్తుంది. నెమ్మదిగా పదేళ్ళు చెప్పాం కదా, ఎవరు విన్నారు?

నీ కూతుర్నని చెప్పుకోవడానికి నిన్న మొదటిసారి సిగ్గేసింది. ఇది తిట్టు కాదు, కబురు.

బోలెట్టె

ఎస్బియెర్,
1982 జనవరి 23

బోలెట్టెకు,

నీ కబురు అందింది. తిట్టే నయమేమో.

రేడియో వాళ్ళు నాతో చాలాసేపు మాట్లాడించారు. నేనన్నది ఇది. పాతతరం వాళ్ళు కోపంతో ఓటేస్తారు, ఆ కోపం న్యాయమైనది, పదేళ్ళుగా వాళ్ళ మాట విననివాళ్ళదే తప్పు. అందులో మొదటి ముక్క ఉంచుకుని మిగతాది కోసి పారేశారు. చేప తల ఒక్కటే ఊరికి పంపినట్టు పంపారు. నువ్వు ఆ తల చూసి మొత్తం చేప వాసన వస్తోందన్నావు. నన్ను అడగాలని తోచలేదా? కుక్కని నిలబెట్టి తిట్టేంత తీరిక ఉంది, నిజమేంటని నాకు ఒక ముక్క రాసేంత లేదా?

ఇక్కడ దారిలో ఎవడైనా మనవాడు తాగి తూలితే నన్ను కూడా కలిపి చూస్తారు. బస్సులో నా పక్కన ఖాళీ సీటు ఉన్నా నిలబడతారు. ఇక్కడ నేను గ్రీన్‌లాండ్ వాణ్ణి, తూలేవాణ్ణి, సీళ్ళని చంపేవాణ్ణి. మీ దగ్గర నేను డేన్‌ని. ఏదో ఒక చోట నేను నేనుగా ఉండే వీలుందా చెప్పండి. రెండు వైపుల్నించీ తలుపులు వేస్తుంటే మధ్యలో నిలబడి కూటమి గురించి మాట్లాడడం అంత సుఖంగా ఏమీ లేదు. ఎనోక్ అలా బయటికెళ్ళిపోయాడని చదివాక పని మీద మనసు పెట్టలేకపోయాను. స్పానర్ జారి చెయ్యి కోసుకుంది. అది వేరే సంగతి.

వాదన ఇంక చాలు. నేను రాసిందంతా నువ్వు కొట్టేస్తావు, నువ్వు రాసిందంతా నేను కొట్టేస్తాను. ఫిబ్రవరి వచ్చేస్తోంది.

పుట్టినప్పట్నించీ నన్ను నాన్నా అన్నావు. నీ దగ్గర తిన్నాను, నీ బూట్లు పాడు చేశాను, కానీ నాన్నగా నిన్ను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. ఇప్పుడు చెప్తున్నాను. ఉందాం అని ఓటెయ్యి. ఎందుకని అడక్కు. నీ మంచికే చెప్తున్నాను.

మీ నాన్న,
సెవెరిన్

అమిత్సోక్,
1982 ఫిబ్రవరి 7

నాన్నా,

నీ ఉత్తరం సూర్యుడితో పాటు వచ్చింది. పిల్లలంతా కొండెక్కి టోపీలు తీసి సూర్యుడికి దండం పెడుతున్నారు. నేను ఇంట్లో కూర్చుని నీ ఆఖరి వాక్యాలు చదువుకున్నాను. చాలాసార్లు చదివాను.

ఇప్పుడు రాసేది నీకు ఎవరూ చెప్పలేదు. నేను ఎనోక్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు, వాడు నీకు చెప్పలేదని ఒట్టేశాడు.

గడ్డకట్టిన సముద్రం మీద మా నాన్న మంచులో పడిపోయిన రోజు నేను వెనక కుక్కల బండి తోలుతున్నాను. వసంతకాలం, మంచు మీద ఎండ. ఆయన ఇనప మొనకర్రతో మంచు పొడిచి చూస్తూ తన బండికి ముందు నడుస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరక్కుండానే, వెనక్కెళ్ళిపో బోలెట్టె, ఎందుకని అడక్కు అన్నాడు. నాకు వింతగా అనిపించింది. అడగాలనుకున్నాను. అడగకుండా కుక్కల్ని తిప్పాను. నా వెనక శబ్దం వినిపించేసరికి నా బండి గట్టి మంచు మీద ఉంది. ఆయనది లేదు.

అడిగి ఉంటే, ఆయన జవాబు చెప్పేలోగా నేనూ పోయేదాన్ని. నీకు అన్నం పెట్టేవాళ్ళుండేవాళ్ళు కాదు.

నువ్వు అదే మాట రాశావు. ఒక్క అక్షరం తేడా లేదు. నువ్వు ఏ పుస్తకంలోనూ అది చదివి ఉండవు. ఇన్నాళ్ళూ నిన్ను నాన్నా అని అలవాటు కొద్దీ పిలిచానేమో. ఇప్పుడు పిలుస్తున్నది అలా కాదు.

నాకిది ఇష్టం లేదు. ఎనోక్ పక్కన నిలబడి, రెగీనే పక్కన నిలబడి ఆ ఓటు వేయాలంటే చెయ్యి ఆడదు. పదేళ్ళు ఎదురుచూసిన ఓటు నాన్నా ఇది. మీటింగులో లేచి అందరి ముందూ అడిగిన నోరు ఇది. అయినా అడగను. నువ్వు చెప్పినట్టే వేస్తాను.

నీ కూతురు,
బోలెట్టె

ఎస్బియెర్,
1982 ఫిబ్రవరి 18

అత్తా,

నీ ఉత్తరం ఈరోజు పొద్దున వచ్చింది. వెంటనే ఫోన్ ఆఫీసుకి పరిగెత్తాను. మీవైపు తుఫానుకి లైను పోయిందట, ఓటు రోజులోపు బాగవుతుందని చెప్పలేమన్నారు. టెలిగ్రాం ఇద్దామంటే అదీ ఆ లైనులోనే పోవాలట. అందుకని రాస్తున్నాను, ఇది నీకు ఓటు రోజుకి అందదని తెలిసీ రాస్తున్నాను.

ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అది నా నోటికి ఎలా వచ్చిందో నాకు తెలీదు. వాదించి అలిసిపోయి, నిన్ను నోరెత్తనివ్వకూడదని రాశాను. అంతే. తాతయ్య మాట్లాడలేదు అత్తా, నేను మాట్లాడాను. నాకు మంచు గురించి ఏమీ తెలీదు. చెప్పింది వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఓటు నీది. ఎనోక్ పక్కన నిలబడి వేసుకో.

కారణం ఉంది. చెప్పడానికి సిగ్గుపడి దేశం గురించి కబుర్లు చెప్పాను. ఊమ్మన్నాక్‌లో బడి కడుతున్నారని రాశాను కదా. శరత్కాలంలో ఆ పని చూసే మనిషి ఇక్కడికొచ్చాడు. బడి తెరిచాక ఇంజన్ల పని నేర్పడానికి మన భాష మాట్లాడేవాడు కావాలి, నీ పేరు రాసుకున్నానన్నాడు. కానీ ఓటు బయటికని పడితే డబ్బు ఆగిపోవచ్చు, బడి ఎప్పుడు లేస్తుందో చెప్పలేనన్నాడు. ఆ రోజు నించీ నాకు వేరే ఆలోచన లేదు. రోడ్లు, రన్‌వేలు నాకెందుకు? నాకు ఇంటికి రావాలనుంది. ఉద్యోగం లేకుండా వచ్చి ఎనోక్ చేపల మీద బతకలేను, చదువుకుని ఏం తెచ్చావని ఊరివాళ్ళు అడిగితే ఏం చూపించను?

ముందే ఈ ముక్క రాయాల్సింది. రాయలేకపోయాను. చిన్నప్పట్నించీ నాన్నా నాన్నా అంటూ పళ్ళెంలో మంచి ముక్క ముందు నాకే వేశారు. అలాంటివాడు నాకు ఇది కావాలని మళ్ళీ ఎలా అడుగుతాడు? ఆజ్ఞ ఇవ్వడం తేలిగ్గా అనిపించింది.

ఈసారైనా తిట్టు. నువ్వు తిడతావని ఎదురుచూస్తాను.

సెవెరిన్

అమిత్సోక్,
1982 మార్చి 4

సెవెరిన్,

చూశావా, నాన్నా అని రాయలేదు. చెప్పింది వెనక్కి తీసుకున్నానన్నావుగా. తాతయ్య మాట్లాడలేదు, నేనే అన్నావుగా. మంచిది. అయితే ఈ ఉత్తరం మా నాన్నకి కాదు, నా మేనల్లుడికి. ఇన్నేళ్ళకి దొరికావు. కూర్చుని చదువు.

ముందు జరిగింది చెప్తాను. ఓటు రోజున ఎనోక్ తెల్ల అనోరాక్ కోటు తొడుక్కున్నాడు, పెళ్ళికి తప్ప తీయడు దాన్ని. ఆడవాళ్ళం పూసల కాలర్లు వేసుకుని వెళ్ళాం. నేను లోపలికెళ్ళి నువ్వు చెప్పినట్టు వేసి వచ్చాను. బయట ఎనోక్ నా భుజం మీద చెయ్యేసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా నవ్వానో నాకే తెలుసు.

మన ఊరి పెట్టె మన బడిలోనే విప్పారు. అన్నీ వద్దు, వద్దు, వద్దు. ఒక్కటి మాత్రం ఉందాం. దేశం మొత్తం మీద వద్దన్నవాళ్ళే గెలిచారు, నీకు తెలిసే ఉంటుంది. పెద్ద తేడా ఏం కాదు, కానీ గెలిచాం. మర్నాడు రెగీనే ఇంట్లో కాఫీ. కేకులు, తిమింగలం చర్మం మత్తాక్, అన్నీ పెట్టింది. పెట్టినా అందరి నోట్లోనూ ఆ ఒక్క ఓటే. ఎవరిదో ఎవరికీ అనుమానం లేదు. టీచరమ్మ ఇంగెర్‌దే, డేన్ కదా. ఆమె వస్తే బెంచీ మీద ఎవరూ జరగలేదు. "మా పిల్లలకి అన్నీ నేర్పుతుంది, తను మాత్రం మా దగ్గర ఏమీ నేర్చుకోలేదు" అన్నాడు ఎనోక్. వాడు మంచివాడే, గెలిచిన పొంగులో అన్నాడు. ఇంగెర్ మొహం ఎర్రబడింది. ఎటు వేశానన్నది చెప్పకూడదు కదా అని నిలబడే కాఫీ తాగుతోంది. ఆమె వద్దనే వేసింది సెవెరిన్. మీ దేశం, మీరు ఏమంటే అదే అని ఓటుకి ముందు నాతో ఒక్కదానితోనే అంది. నా బదులు ఆమె మాట పడుతుంటే నేను కేకు నములుతూ కూర్చోవాలా?

లేచాను. ఆ ఓటు నాది అన్నాను.

ఎవరూ నమ్మలేదు. రెగీనే నవ్వింది కూడా. ఎనోక్ నవ్వలేదు. "ఎందుకు?" అన్నాడు.

"నాన్న వేయమన్నాడు. ఎందుకని అడగొద్దన్నాడు."

ఆ మాట ఎక్కడిదో వాడొక్కడికే తెలుసు. కప్పు కింద పెట్టి బయటికెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే కుక్కలకి చేపలు వేస్తున్నాడు, పొద్దున వేసినవాటికే మళ్ళీ. రెగీనే వచ్చి నా కప్పు నింపింది. ఇంగెర్‌కి చోటిచ్చారు. తండ్రి మాట మీద వేసిన ఓటుని ఊళ్ళో ఒక్కరు తప్పు పట్టలేదు. నేను కూడా పట్టలేదు. నాకు తెలీని మంచు ఏదో నీకు కనబడి ఉంటుంది, దాని అర్థం ఎప్పటికో తెలుస్తుందని మనసుకి సర్దిచెప్పుకున్నాను.

మొన్న బండి మీద నీ ఉత్తరం వచ్చింది.

ఎనోక్‌కి చదివి వినిపించాను. వాడు సగంలో లేచి, మళ్ళీ చదువు అన్నాడు, ఇంటికి రావాలనుంది అన్న చోటు. మళ్ళీ చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి, ఈ ముక్క మొదటే రాసుంటే నేనూ వేసేవాణ్ణి కదా అన్నాడు. నా తమ్ముడు. తెల్ల అనోరాక్ తొడుక్కుని వెళ్ళినవాడు. పదేళ్ళ కోపం పక్కన పెట్టి వేసేవాణ్ణి అంటున్నాడు. నేనైతే ఏ ఆజ్ఞా లేకుండా వేసేదాన్ని. వేసి అందరికీ చెప్పుకునేదాన్ని. ఓడిపోయేవాళ్ళమేలే, అయినా మేం ఎటున్నామో నీకు తెలిసేది.

మా నాన్న కారణం చెప్పకపోవడానికి ఆయన కాళ్ళ కింద మంచు విరుగుతోంది. నోట్లో ఇంకో మాట పట్టే టైం లేదు. నీ కాళ్ళ కింద ఏముంది? ఎస్బియెర్‌లో చెక్క నేల. కాగితం ఉంది, కలం ఉంది, నెల రోజుల టైం ఉంది. అయినా చెప్పలేదు. సిగ్గట. నా బూట్లు కోసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?

పదేళ్ళ కిందట డెన్మార్క్ వాళ్ళు ఏం చేశారని నేను ఇంత మండిపడుతున్నాను? నన్ను సరిగ్గా అడగలేదు. కారణం సరిగ్గా చెప్పలేదు. నా బదులు వాళ్ళే తేల్చేసి, నా మంచికే అన్నారు. నువ్వు రాసిన ఉత్తరం తీసి చూసుకో, ఆఖరి వాక్యం ఏముందో. దేశమంతా కలిసి వాళ్ళ చేతిలోంచి బయటపడిన రోజునే నేను నీ చేతిలో చిక్కాను. నా జీవితంలో ఎవరూ నా చేత నా మనసుకి ఎదురుగా ఓటు వేయించలేదు, డేన్లు కూడా. నువ్వు వేయించావు. అది నేను మరిచిపోవడానికి చాలా కాలం పడుతుంది. మరిచిపోయినట్టు నటించను కూడా.

ఉద్యోగం లేకుండా ఎలా రానంటావు. ఇంటికి రావడానికి బ్రసెల్స్ అనుమతి కావాలని నీకు ఎవరు చెప్పారు? చేతిలో ఏం తెచ్చావని ఊళ్ళో ఎవరడుగుతారో వాళ్ళ పేరు రాయి, వెళ్ళి మాట్లాడతాను. ఆ బడి లేస్తే లేస్తుంది, లేవకపోతే పునాది మీద చేపలు ఎండేసుకుంటాం. ఇక్కడ ప్రతి పడవ ఇంజనూ దగ్గుతోంది, బాగుచేసేవాడు లేక ఎనోక్ నిరుడు సగం ఎండాకాలం ఒడ్డునే కూర్చున్నాడు. ఎనోక్ చేపలు తినలేనంటావా, పుట్టినప్పట్నించీ తిన్నవి ఎవరివి మరి?

మంచు విరిగాక వచ్చే మొదటి ఓడకి ఎక్కు. ఇది ఆజ్ఞ. ఎందుకని నువ్వు అడగక్కర్లేదు, నేనే చెప్తాను, నీలా కాదు నేను. నువ్వు లేకపోతే నాకు బాగోలేదు. ఇంకో కారణం ఏమీ లేదు.

మీ అత్త,
బోలెట్టె